కడిగి తెచ్చిన పాదాలు

ఆ చర్చి సంఘంలో ఏటా ఒకసారి, యేసు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, పెద్దలు విశ్వాసుల పాదాలు కడుగుతారు. కడిగించుకోబోయేవాళ్ళు ముందుగా ఇంట్లో సబ్బుతో రుద్దుకొని, గోళ్ళు తీసుకొని మరీ వస్తారు. మురికి కాలు తెచ్చి పెద్దమనిషి చేతిలో పెట్టడం మర్యాద కాదని అందరి భావన. ఇంతకు మించిన వేళాకోళం ఉండదనుకుంటూ, ఆ ఉదయం ఆ పెద్దల్లో ఒకడి చెల్లెలు తమ తండ్రి కుడికాలికి కట్టు మార్చింది. షుగరు ఆ అరికాలిని తొలిచేసింది. ఎంత కడుక్కున్నా, మిషను మీద బట్టలు కుడుతున్నప్పుడు ఆమె వేళ్ళకు ఆ వాసన తగులుతూనే ఉంటుంది.

అన్నను సంఘంలో చాటుగా ‘ఆమెన్ పెద్ద’ అంటారు, పక్కవాడు తుమ్మినా ఆమెన్ అంటాడని. ఉండేది వీధి అవతలే. ఆదివారం ఆదివారం వచ్చి, గుమ్మంలోనే నిలబడి తండ్రి కోసం ప్రార్థించి వెళ్ళిపోతాడు. మాటలు కోటలు దాటేవి, కాళ్ళు మాత్రం గడప దాటేవి కావు. రక్షణ విశ్వాసం వల్లనే గాని క్రియల వల్ల కాదని అతని బోధ. ఆ మాట అతనికి చిన్నప్పుడు నేర్పింది తండ్రే. కొడుకు ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే చాలని అడగడం ఆయన మానేసి చాలాకాలమైంది. ఎదురుచూడటం మానలేదు.

ఈసారి తండ్రినీ కుర్చీలో కూర్చోబెట్టమని అన్న కబురు పెట్టాడు. ఎడమకాలు కడిగితే చాలు, కుడికాలికి మేజోడు తొడగమన్నాడు. ఆ మేజోడే ఆమె ఒళ్ళు మండించింది.

చర్చిలో అన్న లోతైన పళ్ళెంతో, చెంబుతో తండ్రి ముందు మోకరించాడు. చెల్లెలు వంగి మేజోడు లాగేసి, కట్టు విప్పింది. ముందు వరుసలో పాట ఆగిపోయింది.

“ఇది కడుగు, అన్నయ్యా.”

“నలుగురిలో ఇదేం పనమ్మా?”

“నలుగురూ లేకపోతే నువ్వు కడగవు కదా.”

తండ్రి కొడుకు ముఖం వంకే చూస్తూ, ఆ కాలిని తానే మెల్లగా ముందుకు జరిపాడు. ఆ చూపు చూశాక ఆమెకు తన మీద తనకే అనుమానం కలిగింది. ఇది నాన్న కోసమా, అన్న తల వంచడం కోసమా? ఇన్నాళ్ళూ ప్రతి ఉదయం తాను చేసింది సేవా, లేక విసరడానికి రాళ్ళు పోగేసుకోవడమా? అయినా కోపం తగ్గలేదు.

అన్న ముఖం పాలిపోయింది. తప్పించుకొనే దారి లేక పళ్ళెంలో చెంబు ముంచి ఎత్తాడు. అప్పటికే అందరి పాదాలూ కడిగిన నీళ్ళు. గెలిచానని తెలిసిన క్షణంలోనే ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

“వద్దు. ఆ నీళ్ళు పడితే పుండు చీము పడుతుంది.”

అన్న ఊపిరి వదిలాడు. అందులోని ఊరట ఆమె చెవిన పడింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

“లేవకు,” అంది. “కట్టు నేను కడతాను. నువ్వు కాలు పట్టుకో.”

అతను ముఖం పక్కకు తిప్పుకొని చీలమండ కింద చెయ్యి పెట్టాడు. తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

“ఇటు చూసి పట్టుకో,” అంది ఆమె. అతను చూసేదాకా కట్టు మొదలుపెట్టలేదు.