తీగ అందినంత మేర

నేను ఒక గడ్డి కోసే మిషన్ని. పెట్రోలు తాగే రకం కాదు, కరెంటుది. తీగ ఎంత పొడుగో నా లోకం అంత.

నాకు ఊహ తెలిసింది గుంటూరులో ఒక క్లబ్బు పచ్చికలో. మనుషులు భలే చిత్రమైనవాళ్లు. ఎక్కడినుంచో గడ్డి తెప్పించి నాటారు, నీళ్లు పోసి పెంచారు, పెరిగిందని నాచేత కోయించారు, కోసింది గోడవతల పారబోశారు. ఎనిమిదేళ్ల చాకిరీ తర్వాత మోటారు కాలిపోతే ఒక్కరూ అయ్యో అనలేదు. పాతసామాన్ల మస్తాన్ కొట్లో, తుప్పుపట్టిన కూలర్ల మధ్య రెండు వానాకాలాలు తడిశాను. నన్ను ముట్టుకున్నవాళ్లే లేరు.

ఒకరోజు దానియేలు వచ్చాడు. మోటార్లకు వైండింగ్ కట్టే మనిషి, అరవై దాటాయి.

"గడ్డి మిషన్లేమన్నా వచ్చినయ్యా మస్తానూ?"

"ఇప్పటికి నాలుగు తీసకపోయావు. నీ ఇంటికాడ గడ్డిపోచన్నా లేదు గదా మావా, ఏం జేసుకుంటావు?"

ఆయన నవ్వి, డబ్బులిచ్చి నన్ను తన షాపుకు తెచ్చుకున్నాడు.

అక్కడ నా మోటారుకు కొత్త రాగితీగ చుట్టాడు. పాత నాలుగింటిలో ఒకదాని చక్రాలు, ఇంకొకదాని బ్లేడు నాకు బిగించాడు. వాటి తీగలు కోసి నా తీగకు అతికాడు, ఒక ముక్క మిగిలితే సంచిలో వేసుకున్నాడు. స్విచ్చి వేసి, నా వీపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. ఆ చెయ్యి తీయకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఇంత పొడుగు తీగ ఎందుకో ఆదివారం తెలిసింది. నన్ను ఆటోలో క్రైస్తవుల సమాధుల తోటకు తీసుకెళ్లాడు. ఆయన భార్య కరుణమ్మది చిట్టచివరి సమాధి. దారంతా పిక్కలదాకా గడ్డి. మోకాళ్లు వంగక కొడవలి పట్టలేక, మొన్న ఈస్టరుకు గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లాడట. కరెంటు ప్లగ్గు ఉన్నది కాపలాదారు ఏసోబు గదిలో ఒక్కచోటే.

మూలుగుతూ, ఆగుతూ, దారి మొత్తం కోశాను. సమాధి ఇంకా మూడు బారలుందనగా తీగ బిగుసుకుపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"సంచిలో ఇంకో తీగముక్కుందిగా అన్నా, తగిలిద్దామా?" అన్నాడు ఏసోబు.

"ఉండనీరా. ఈ కాస్తా నేను పీక్కుంటా. మోత ఆగితేగా, మీ వదినకి నా మాట ఇనపడేది."

నన్ను ఆపేశాడు. నా పిడి పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుండగా మెల్లగా నేల మీదికి దిగాడు. ఒక్కొక్క పోచా పీకుతూ మధ్యాహ్నందాకా ఏవేవో చెప్పాడు. పీకడం అయిపోయాక కూడా అక్కడే కూర్చున్నాడు.

ఇప్పుడు షాపులో సిమెంటు నేల మీద ఉంటున్నాను. ఆ తీగముక్క ఎదురుగా మేకుకు వేలాడుతోంది. దాన్ని నాకు ఎప్పటికీ అతకడు. నిన్న మొదటి వాన పడింది, ఇక గడ్డి లేస్తుంది. ఆయన గుమ్మంలో నిలబడి ఆ వాననే చూస్తుంటే, నేనూ చూశాను.