బూడిదగుట్ట బూట్లు

గని పండుగ రేపనగా ఊనో లెపసార్ నల్లకోటు బయటికి తీసి ఇత్తడి గుండీలు రుద్దుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊరేగింపులో గని జెండా మోసినవాడు అతనే. ఈ ఏడు మోయడానికి వీల్లేదు. జెండా పట్టేది పనిలో ఉన్న మనిషే కావాలి, పని మానినవాళ్లు వెనక నడవాలి. అది తాతలనాటి కట్టుబాటు. గనేమో మొన్న వసంతంలో మూతబడింది. రేపు జెండా పట్టే అర్హత ఉన్నవాళ్లు ఎవరూ దొరక్కపోతే, అది మ్యూజియంలో అద్దాలపెట్టెలోకి పోతుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఊనో గుండీని ఇంకా గట్టిగా రుద్దాడు.

గనిలో రాయి అయిపోయి మూతబడిందా అంటే అదీ కాదు. కావలసినంత ఉంది. మూడు తరాలుగా ఎస్తోనియాలో దీపాలు వెలిగించింది బొగ్గులా మండే ఆ నూనెరాయే. ఇప్పుడు దాన్ని కాల్చాలంటే వదిలే పొగకు టన్నుకింతని యూరప్ సంతలో పర్మిట్లు కొనుక్కోవాలి. వాటి ధర ఎగబాకి ఎగబాకి, కరెంటు అమ్మితే వచ్చేదంతా మింగేసింది. బాయిలర్లు చల్లారాయి. ఫిన్లాండ్ నుంచి సముద్రం కింద తీగమీద కరెంటు వస్తోంది, బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. ఊళ్లో రొట్టెల దుకాణం కూడా మూసేశారు. దేశమే చిన్నది, అందులో ఒక జిల్లా పడకేస్తే ఇక మిగిలేదెంత?

దానికితోడు కూతురు కైరె. పర్మిట్లు అమ్మగా సర్కారుకు వచ్చిన డబ్బుతోనే ఆమెకు కరెంటు తీసే గాలిమరల పని నేర్పారు. ఆ సంగతి తెలిసిన రోజున, "మా గొంతు నులిమిన డబ్బుతో నీకు కొలువా తల్లీ?" అన్నాడు ఊనో. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఆమె పని ఊసే లేదు. ఆ మరలెక్కడున్నాయో చూడటానికైనా ఊనో పోలేదు, మహా పంతం మనిషి.

సాయంత్రం కైరె వచ్చింది. గడప దగ్గర ఆగి, బూట్లు రెండూ టపటపా కొట్టి దులిపింది. గని నుంచి వచ్చినప్పుడల్లా ఊనో చేసిన పనే అది. మెట్టు మీద బూడిద రాలింది. గుండీ రుద్దుతున్న ఊనో చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడిదే ఆ బూడిద?"

"మా మరలుండేది బూడిదగుట్ట మీదే కదా నాన్నా. మీరు తవ్విన రాయి కాలి మిగిలిందేగా అదంతా. సిమెంటులా బిగిసిపోయింది. అది లేకపోతే అంత ఎత్తు మర అక్కడ నిలబడేదా?"

ఊనో మెట్టు మీది బూడిద చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. పొద్దున, నిన్నటి బూట్లతోనే రమ్మని ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

ఊరేగింపు బారులు తీరింది. ఊనో జెండా అందుకుని సరాసరి కైరె చేతిలో పెట్టాడు. జనం గుసగుసలాడారు. పాత షిఫ్టు జతగాడు గెన్నాది ముందుకొచ్చాడు.

"ఒరే ఊనో, ఈ పిల్ల ఒక్కరోజైనా గనిలోకి దిగిందట్రా?"

"దిగలేదు. మనం పైకి తెచ్చిపోసినదాని మీద నిలబడి దేశానికి కరెంటిస్తోంది. పనిలో ఉన్న మనిషి. కట్టుబాటు ఏమంటుందో నువ్వే చెప్పు."

గెన్నాది ఆలోచించాడు. టోపీ సర్దుకున్నాడు. "సరేలే. ఆ బూట్లైనా తుడుచుకోమను."

"తుడవదు," అన్నాడు ఊనో.

బ్యాండు మొదలైంది. కైరె కదిలింది. జెండా పట్టిన నాటినుంచి ఊనో దాని వెనక నడవడం అదే మొదలు. ఎదురుగా బూడిద అంటిన బూట్లు అడుగు తరవాత అడుగు వేస్తుంటే, అతని ఛాతీ కోటు గుండీలు తెగేంతగా పొంగింది.