మూడో మోత

చోంగ్ తుపాకీ గొట్టంలో మళ్లీ మందు దట్టిస్తున్నాడు. ఇనుప చువ్వతో పొడిచి, తీసి చూసి, నమ్మకం కుదరక మళ్లీ పొడిచాడు. మొదటి దెబ్బ గాలికి పోయింది. మంచం పట్టిన భార్య కియా ఇన్నాళ్లకు నోరు తెరిచి అడవికోడి పులుసు అడిగింది. అప్పట్నుంచి అతని కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు.

చోంగ్ గొప్ప వేటగాడేమీ కాదు. మొక్కజొన్న చేనుకూ అడవికీ మధ్య తిరుగుతూ ముసలివాడయ్యాడు గాని, చెప్పుకోదగ్గ జంతువు ఒక్కటీ పడగొట్టలేదు. అయినా ఆ హ్మోంగ్ కొండజాతి పల్లెలో అతని చెకుముకి తుపాకీ మోత ఎరగని చెవి లేదు. ఎవరు పోయినా ఆ ఇంటి ముందు మూడు మోతలు మోగించేది అతనే. మూడూ వినబడితే కొండ దిగువ చేలల్లోవాళ్లు కూడా పని ఆపి బయలుదేరతారు.

పొదల్లో కోడి మళ్లీ కనిపించింది. తుపాకీ చిట్టి మడమను దవడకు ఆనించి మీట నొక్కాడు. రాయి ఉక్కురేకును గీకింది, నిప్పురవ్వలు రాలాయి, గొట్టం పక్కనున్న చిట్టి గిన్నెలో మందు బుస్సుమంది. ఆ తర్వాత, తీరిగ్గా, గొట్టం పేలింది. మందుకు చెమ్మ తగిలింది. ఆ సందులో కోడి ఎగిరిపోయింది.

మందు దట్టించుకుంటూ వెంటపడ్డాడు. కోడి దగ్గర్లోనే వెదురు కొమ్మ మీద వాలింది, అతనికి వీపు పెట్టి. గురి కుదిరింది. వేలు మాత్రం కదల్లేదు. రెండు మోతలు పల్లె వినే ఉంటుంది. మూడోది పేలితే బతికున్న మనిషి గుమ్మంలోకి ఏడుస్తూ వస్తారు. ఆమె కూడా వింటుంది. కాసేపు ఆగుదామనుకున్నాడు. కోడి ఆగలేదు.

దారిలో పొరుగింటి లెంగ్ ఎదురయ్యాడు. "ఏం చోంగన్నా, రెండు దెబ్బలకి ఒక్క ఈకైనా రాల్లేదా? మూడోది కూడా వినబడుంటే బియ్యం మూటేసుకుని మీ ఇంటికొచ్చేవాణ్ణి!" అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"నీ మూట నీ దగ్గరే ఉంచుకోరా," అన్నాడు చోంగ్, ఆగకుండా.

కియా పొయ్యి పక్కన దిండుకు ఆనుకుని నీలిగుడ్డ కుడుతోంది. "లెక్కెట్టుకుంటూ కూచున్నానయ్యా. మూడోది పేల్చుంటే నేను పోయాననే అనుకునేదాన్ని."

"కోడి తప్పించుకుందే."

"నీ చేతిలో కోడి చావడమా! పాత గుడ్డ చిల్లులు పడితే మందుకి చెమ్మ తగలదూ? ఇది తుపాకీకి చుట్టుకుని రేపెళ్లు."

అతను ఆవకూర ఉడకబెట్టాడు. ఆమె ఆ నీళ్లు నాలుగు చుక్కలు తాగి ఉప్పు చాల్లేదంది. ఆ వంక పెట్టడం విని అతనికి ప్రాణం లేచొచ్చింది. కట్టెలు తెద్దామని బయటికెళ్లాడు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. కియా తల పక్కకు ఒరిగి ఉంది. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

చాలాసేపటికి లేచి తుపాకీ అందుకున్నాడు. కోడి కోసం దట్టించిన మందు అందులో అలాగే ఉంది. వాకిట్లో నిలబడి గొట్టం ఆకాశానికెత్తి నొక్కాడు. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

మిగతా రెండింటికి మందు పోయబోతే గొట్టం మూతి తప్పి నేలపాలైంది. అక్కర్లేకపోయింది. పొద్దుటి రెండూ ఊరు మరిచిపోలేదు. బియ్యం మూట భుజానేసుకుని, తల వంచుకుని, లెంగ్ అప్పుడే వస్తున్నాడు.

పొయ్యి పక్కన నీలిగుడ్డ మూడు అంచులూ కుట్టి ఉంది. నాలుగో అంచు సగంలో సూది, దారంతో సహా, గుచ్చినచోటే ఉంది.