మధ్య గడి

సమాధి రాళ్ళు చెక్కే ఆ షెడ్డులో మాటలు కూర్చడం అన్న వంతు, ఉలి పట్టడం తమ్ముడి వంతు. అన్న పోయి నెల దాటినా ఆ ఏర్పాటు మారలేదు.

పని ఇచ్చేవాళ్ళందరి దగ్గరా అన్న నంబరే ఉంది కాబట్టి అతని ఫోను తమ్ముడు పెట్టుకున్నాడు. ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాడు. నాలుగు ముక్కలు రాయాలంటే చెమటలు పట్టేవి. ఒకప్పుడు జనం చావు కబురు కాగితం మీద రాసి, మడిచి, జేబులో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. ఇప్పుడు తండ్రి పోయాడన్నా, పాలప్యాకెట్టు తెమ్మన్నా ఒకే తీరు. సగం అక్షరాలు మింగేసి, చివర ఒక బొమ్మ తగిలించి పంపేస్తున్నారు. వాళ్ళకి జవాబివ్వడానికి తమ్ముడికో సులువు దొరికింది. ఒక అక్షరం కొడితే కింద మూడు గడుల్లో మూడు మాటలు వచ్చి నిలబడేవి. బొటనవేలితో మధ్య గడి నొక్కుకుంటూ పోతే వాక్యం దానంతటదే తయారయ్యేది. ఇన్నేళ్ళ అన్న మాటతీరంతా ఆ ఫోనుకు ఒంటబట్టింది మరి.

"నీ మెసేజీ చూసి మీ అన్న లేచొచ్చాడనుకున్నానయ్యా," అన్నాడు రాళ్ళు తోలే లారీ డ్రైవరు. తమ్ముడు నవ్వలేదు.

వదిన ఒక్కటే అడిగింది. "ఆయన రాయి మీద నీ మాట ఉండాలి చిన్నా. ఇన్నాళ్ళూ ఆయన వెనకాల నిలబడి తలూపావు. ఇప్పుడన్నా నోరు విప్పు."

"నాకేం వచ్చు వదినా?"

"వచ్చిందే రాయి. ఎల్లుండి నిలబెడుతున్నాం."

అతనికీ ఆ కోరిక లేకపోలేదు. బతికుండగా అన్నతో అనకుండా మిగిలిపోయింది ఒకటుంది. దాన్ని మాటల్లో పెట్టడమే చేతకాదు. 'నా అన్న' అని మొదలుపెడదామని ఫోనులో 'నా' కొట్టాడు. తర్వాత అలవాటు కొద్దీ మధ్య గడి. అలా నాలుగు పంక్తులయ్యాయి.

చదవలేదు. ఆ షెడ్డు పద్ధతే అంత. చదివితే ఏడుపొస్తుంది, ఏడిస్తే గీత వంకరపోతుంది. అక్షరాన్ని బొమ్మలా చూసి రాయి మీదికి దించాలి. అదీ అడుగు పంక్తి నుంచి పైకి. లేకపోతే రాలే దుమ్ము కింది సుద్దగీతల్ని కప్పేస్తుంది. పేరు అన్నిటికన్నా పైన, ఆఖరున.

మర్నాడు మధ్యాహ్నానికి ఒక్క పేరే మిగిలింది. వదిన వచ్చి తడిగుడ్డతో రాయి తుడిచి, పైకే చదివింది.

"నా తమ్ముడు. చేతిపని బంగారం. మాట రాదు. వాడికి బదులు నేనే చెబుతాను."

గుడ్డలోంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

"ఇవి ఆయన మాటలు," అంది మెల్లగా. "పైన ఎవరి పేరు చెక్కుతావు చిన్నా?"

అతను రాయికి భుజం ఆనించాడు. ఇద్దరూ కలిసి దాన్ని వెనక్కి తిప్పి, చెక్కని వైపు ముందుకు తెచ్చారు. ఫోను ఆపేసి దూరంగా బల్ల మీద పడేశాడు. సుద్దముక్క తీసుకుని, సొంత చేత్తో 'నా అన్న' అని రాశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"తర్వాత?"

"వస్తుంది. ఉండు వదినా."

వదిన తడిగుడ్డ పిండి, ఆరేసి వచ్చింది. సుద్దముక్క అతని చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. బొటనవేలు మాత్రం ఆ రెండు మాటల కింద, వట్టి రాతి మీద, సరిగ్గా నడిమధ్యన నొక్కుతూనే ఉంది.