ముప్పై రెండు పేజీలకు ఒకటే పాస్‌వర్డు

కంప్యూటర్ గదిలో ఉన్నవి ఎనిమిది కంప్యూటర్లు, పదో తరగతిలో ఉన్నది ముప్పై రెండు మంది. అంటే కంప్యూటరుకు నలుగురు, కుర్చీకి ఒకరున్నర. ప్రతి విద్యార్థీ ఏడాదిలో చేసిన పనినంతా ఇంటర్నెట్టులో ఒక పేజీగా పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అది లెక్కల సారు నెత్తిన పడింది. ఆయన ఉచితంగా పేజీలు కట్టుకోనిచ్చే సైటొకటి వెతికి పట్టుకున్నాడు. ఇంతమందికీ విడివిడిగా ఖాతాలు తెరిచే ఓపిక లేక, ఒకే ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డు బోర్డు మీద రాసేశాడు.

"ఎవరి పేజీ వాళ్ళు చూసుకోండి. పక్కవాళ్ళ దాంట్లో వేలు పెడితే ఊరుకోను."

ఆయన చాక్‌పీసు కింద పెట్టేలోపే అందరి పేజీల్లోనూ అందరి వేళ్ళూ పడ్డాయి.

అందరికన్నా ఎక్కువగా ఒళ్ళు మండింది చీమకి. బడిలో ఆ పిల్లను అలాగే పిలుస్తారు. ఏడాది పొడుగునా ప్రహరీగోడ పక్కన గొంతుకూర్చుని, చీమలు ఏ వేళకు ఎటు పోతున్నాయో, చినుకు పడే ముందు గుడ్లు ఎక్కడికి మోస్తున్నాయో నోటుబుక్కులో రాసుకుంది. ఆ రాతలన్నీ నాలుగు రోజులు కూర్చుని పేజీలోకి ఎక్కించింది. ఈరోజు మూడింటికి కాలేజీవాళ్ళు ఈ పేజీలు తెరిచి చూస్తారు. వాళ్ళు పెట్టే వేసవి సైన్సు శిబిరానికి ఈ బడి నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ తనే కావాలని చీమ ఆశ, ఆ సంగతి అమ్మతో కూడా అనలేదు.

రెండుంబావుకు తెరిచి చూస్తే పేజీ అంతా చిలకాకుపచ్చ. దాని మీద పసుపు అక్షరాలు. కళ్ళు చికిలించినా ఒక్క ముక్క కనబడలేదు.

"అక్కా, రంగు నువ్వు మార్చావా?"

పక్క కుర్చీలో ఉన్నది పెదనాన్న కూతురు. ఆరు నెలలే పెద్ద, ఆ ఆరు నెలల్నీ ఆరేళ్ళన్నట్టు వాడుకుంటుంది.

"నా పేజీకే మార్చుకున్నానే."

"అందరివీ మారిపోయాయి."

"పోనీలే, బాగుందిగా. నీ చీమలు గడ్డిలో తిరుగుతున్నట్టుంది."

చీమ పళ్ళు బిగబట్టి తెలుపు చేసింది. కిటికీ దగ్గరి కంప్యూటరులో ఎవరో ఎరుపు చేశారు. మళ్ళీ తెలుపు చేసింది. మళ్ళీ ఎరుపు. మూడోసారి తెలుపు చేసేసరికి పేజీయే లేదు.

"చెత్త కాస్త ఏరిపారేశాను," అన్నాడు సారు తన కుర్చీలోంచి, ఇల్లు ఊడ్చినంత తృప్తిగా. "పేరు లేని పేజీలు నాలుగుంటే తీసేశా."

పేజీ పైన పేరూ ఫోటో పెట్టమంటే చీమకు సిగ్గేసింది. 'గోడ వెంట చీమలు' అని మాత్రం రాసి ఊరుకుంది.

"సార్, అందులో ఒకటి నాది."

"నీదని ఎలా తెలుస్తుందమ్మా? చీమలేమన్నా సంతకం పెట్టాయా?"

గదంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "చెత్తబుట్టలో ఉంటుంది, వెతుక్కో," అన్నాడు.

ఇన్నాళ్ళుగా అందరూ తీసేసినవన్నీ పడే ఆ చోట నలభై పేజీలున్నాయి. అందులో పన్నెండింటి పేరు 'నా పేజీ'. ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే అట్టడుగున తనది దొరికింది. పైకి తెచ్చింది. ఈసారి సిగ్గు సంగతి పక్కన పెట్టి పేరు పెద్దక్షరాల్లో కొట్టింది. తెలుపు చేసింది. అప్పటికి మూడింటికి పది నిమిషాలు.

చూస్తూండగానే చీమగుడ్ల బొమ్మ మీద ఎవరిదో మోటారుసైకిలు ఫోటో వచ్చి కూర్చుంది.

చీమకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ముప్పై ఒక్కమందినీ బతిమాలేసరికి పొద్దుగూకుతుంది. ఆ ఫోటో తీసేసి, ఖాతా వివరాలు తెరిచి, పాస్‌వర్డు మార్చేసింది. మిగతా కంప్యూటర్లన్నిటినీ బయటికి పంపమంటావా అని సైటు అడిగింది. పంపమంది.

"సార్, మమ్మల్ని బయటికి గెంటేసింది."

"సార్, పాస్‌వర్డు తప్పంటోంది."

"నన్నూ గెంటేసిందిరా," అన్నాడు సారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఎవరు చేశారీ పని?"

చీమ లేచి నిలబడింది.

"నేనే సార్. కాలేజీవాళ్ళు చూసేశాక కొత్త పాస్‌వర్డు చెప్తాను."

"ఓసి నీ ధైర్యం," అంది అక్క. "నా ఫోటో తలకిందులుగా ఉందే, దాన్నెవరు తిప్పుతారు?"

"నేను తిప్పుతాలే. ఏ ఫోటో?"

ఇక ఆమె కుర్చీ చుట్టూ మూగారు. నాది ఇలా, నాది అలా అంటుంటే ఒక్కొక్కరిదీ అడిగి సరిచేసింది. రంగు మార్చమన్నవాళ్ళకి మాత్రం తల అడ్డంగా ఊపింది.

మూడు దాటి నాలుగు నిమిషాలైంది. చీమ పేజీ అడుగున, చూసినవాళ్ళ లెక్కలో సున్నా పోయి ఒకటి వచ్చింది. పేజీ తెల్లగా, అక్షరాలు నల్లగా ఉన్నాయి.

సారు వెనకనుంచి వంగి చూశాడు. "చూసేశారుగా. ఇప్పుడు చెప్తావా?"

"ఇంకా చదువుతుంటారు సార్," అంది చీమ, తెర మీంచి చూపు తిప్పకుండా. "కాసేపు కూర్చోండి."