చేతులు కట్టుకోని పిల్ల

ఫోను మోగేసరికి వసీలా తివాచీ మగ్గం మీద ఆ వరసలో నూట పదకొండో ముడి వేస్తోంది. ముడి వదిలి ఫోనెత్తితే ఎక్కడ ఆపిందో మరిచిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పక్కన కూర్చున్న ముసలి ఖద్దూజ్‌కు తెలుసు. షెడ్డులో ఉన్న ఏడుగురు ఆడవాళ్ళకూ తెలుసు. అందుకే ముందు మెడలో వేసుకున్న ఎర్ర దారం నుంచి బెత్తెడు తెంపి, ఆపిన చోట పడుగుకు కట్టింది. అప్పుడు ఫోనెత్తింది.

బడి నుంచి. ఈ నెలలో ఇది నాలుగోసారి. పన్నెండు లోపల రావాలట. గుర్తింపు కార్డు కూడా తేవాలట.

"ఏం చేసిందంట మళ్ళీ మన గాలిపిల్ల?" అంది ఖద్దూజ్, చేతులు ఆపకుండానే.

"చెప్పలా పిన్నీ. కార్డు తెమ్మన్నారు."

"కార్డంటే సంతకమే. సంతకమంటే అయిపోయినట్టే." ఖద్దూజ్ ఇనుప దువ్వెనతో వరసను గట్టిగా కొట్టింది. "నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ చేత వేలిముద్ర ఏయించుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాకు ఖర్జూరం మిఠాయి కొనిపెట్టింది. ఆనాటి నుంచి దాన్ని మళ్ళీ నోట్లో పెట్టలా."

అవతలి మగ్గం మీదున్నామె, తనను నాలుగో తరగతిలో పంపేశారని చెప్పింది. ఇంకో ఆమెది మూడో తరగతి. చివర కూర్చున్న అక్కచెల్లెళ్ళిద్దరినీ ఒకే కాగితం మీద పంపేశారట, కాగితం కలిసొచ్చిందని నవ్వారు. అందరూ చెప్పే మాట ఒక్కటే: మా తలకు చదువెక్కలేదన్నారు. వసీలా కూడా ఇన్నేళ్ళూ అదే చెప్పుకుంటూ వచ్చింది. ఏడుగురికి ఏడుగురూ తెలివితక్కువవాళ్ళేనా? ఏడుగురూ మూడు మీటర్ల తివాచీ నమూనా కాగితం చూడకుండా నేస్తారు. కైరవాన్ ఊరి సందుల్లో ఏ మగ్గం దగ్గరైనా ఇదే వరస, ఇదే కథ. బడి వద్దన్న వేళ్ళన్నీ మగ్గాలకొచ్చి చేరతాయి. దాన్ని తలరాత అంటారు. ఎవరో రాస్తేనే కదా రాత.

షెడ్డు యజమాని హాజీ లమీన్ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన కోపిష్టి కాదు. ఎవరినీ తిట్టడు. చదరపు మీటరుకు రెండు వందల దినార్లు ఇస్తాడు, అది నెలన్నర పని, దాన్ని ఎంతకు అమ్ముతాడో చెప్పడు.

"వెళ్ళి రామ్మా, పూట పోయినందుకు ఏం కొయ్యన్లే," అన్నాడు. "బడి లాంఛనం అవగానే పిల్లని ఇటే తీసుకొచ్చెయ్. సన్నవేళ్ళు. సన్నముడి పడుద్ది."

చేత్తో మూల చూపించాడు. అక్కడ కొత్త మగ్గం ఉంది. చిన్నది. కూర్చునే పలకను నేలకు దగ్గరగా బిగించారు, తొమ్మిదేళ్ళ పిల్ల కాళ్ళు ఆనేటంత ఎత్తులో. చెక్క ఇంకా పచ్చి వాసన వేస్తోంది. బడి నుంచి కబురు ఈ పూట వచ్చింది. మగ్గం మాత్రం అంతకు ముందే వచ్చేసింది.

వసీలా ఆ పలక వైపు ఒకసారి చూసింది. తల మీద గుడ్డ సర్దుకుని బయటపడింది.

దొర్సాఫ్ ఆమెకు ఒక్కతే కూతురు. సున్నం పనికి స్ఫాక్స్ వెళ్ళిన మొగుడు నెలకోసారి వస్తాడు. రాత్రి ఫోనులో, బళ్ళో ఏ కాగితం ఇస్తే దాని మీద సంతకం పెట్టెయ్, పరువు పోతోంది అని తేల్చేశాడు. దొర్సాఫ్ మొండిది కాదు, పెంకిది కాదు. నీళ్ళు తెమ్మంటే చెంబు తీసుకుని వెళ్తుంది, వాకిట్లో చీమలబారు చూసి ఆగుతుంది, చెంబు అక్కడే పెట్టి చీమలు ఎక్కడికి పోతున్నాయో చూసొస్తుంది. వచ్చి అమ్మకు చీమల సంగతంతా చెబుతుంది. నీళ్ళేవే అంటే నిజంగా ఆశ్చర్యపోతుంది. బళ్ళో పలక ఉంటే బలపం పోతుంది. లెక్క మొదలుపెడితే సగంలో ఆగుతుంది. కూర్చున్న చోట కూర్చోదు. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. దర్గాకు తీసుకెళ్ళారు. తాయెత్తు రాయించారు. దొర్సాఫ్ ఆ తాయెత్తును రెండో రోజే విప్పి లోపలి కాగితం మీద పిల్లిబొమ్మ వేసింది.

చివరికి వీధిచివర ఆరోగ్య కేంద్రంలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అరగంట కూర్చోబెట్టి చూసింది. పిల్ల చేత మాట్లాడించింది, ఆడించింది. వసీలాను పదేపదే ప్రశ్నలు అడిగింది. ఇది తెలివి తక్కువ కాదు, పొగరు కాదు, పెంపకం లోపమూ కాదు అంది. ఈ పిల్లకు మాస్టారి గొంతూ, కిటికీ బయట బండి చప్పుడూ, పక్క పిల్ల జడా అన్నీ ఒకేలా గట్టిగా వినబడతాయి, కనబడతాయి, ఏది వదిలెయ్యాలో బుర్రకు చప్పున తెలియదు అంది. శ్రద్ధ లేకపోవడం కాదు, శ్రద్ధ ఒక్కచోట కట్టుబడి ఉండకపోవడం. ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారట. ఆడపిల్లలైతే, పరధ్యానం మనిషి అనుకుని వదిలేస్తారట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే వసీలా తన కాళ్ళ వైపు చూసుకుంది. మెడలోని ఎర్ర దారం ముట్టుకుంది.

పెద్దాసుపత్రిలో నిపుణుడి దగ్గర పేరు రాయించారు. వంతు రావడానికి ఆరు నెలలు. ఈలోగా బడికి ఒక ఉత్తరం రాసిచ్చింది డాక్టరమ్మ. పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఒకసారి ఒకే పని చెప్పండి. చేతిలో ఏదైనా ఉండనివ్వండి, చేతులు ఊరికే ఉంటే మనసు పారిపోతుంది. మధ్యలో ఒకసారి లేచి తిరగనివ్వండి. నాలుగు మాటలు. నాలుగింటికీ ఒక్క మిల్లీము నాణెం కూడా ఖర్చు లేదు. ఆ ఉత్తరం ఇచ్చి ఏడు వారాలైంది.

హెడ్మాస్టరు గది చల్లగా ఉంది. బల్ల వెనక ఆయన, పక్కన నిలబడి తరగతి మాస్టారు నజీబ్, గోడవారన దొర్సాఫ్. పిల్ల చేతులు గుండెల మీద గట్టిగా కట్టించి ఉన్నాయి. బళ్ళో అదే పద్ధతి. కట్టిన చేతులే మర్యాద. చేతులు కట్టుకున్న పిల్ల వింటున్నట్టు, కట్టుకోని పిల్ల విననట్టు. దొర్సాఫ్ వేళ్ళు చంకల్లో కదులుతూనే ఉన్నాయి.

నజీబ్ మాస్టారు చెప్పుకొచ్చాడు. నలభై రెండు మంది పిల్లలు. ఈమె లేస్తే ఆరుగురు లేస్తారు. పొద్దున కర్టెను అంచు మొత్తం విప్పేసి మళ్ళీ అల్లింది. అల్లిక బాగానే ఉందని కూడా ఒప్పుకున్నాడు. అతను కుర్రాడు, పని ఇంకా ఖాయం కాలేదు, రెండు నెలలుగా జీతం రాలేదు. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ.

"ఒక్కదాని కోసం నలభై ఒక్కమందిని వదిలెయ్యమంటావా అమ్మా?"

"వదలొద్దండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమన్నా అంతే. మూడోసారి అడుగుతున్నా."

మాస్టారు హెడ్మాస్టరు వైపు చూశాడు. ముందు బెంచీలు సాయంత్రం ట్యూషను చెప్పించుకునే పిల్లలవి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

"నేనే పరీక్ష చేస్తాను," అన్నాడు హెడ్మాస్టరు. "చేతులు కట్టుకో. నా వైపు చూడు. ఏడు ఎనిమిదులు?"

దొర్సాఫ్ పైన పంకా వైపు చూసింది. పంకా రెక్క మీద పావురం ఈక ఒకటి ఉంది. ఆయన రెండోసారి అడగలేదు. చూశావుగా అన్నట్టు చేతులు చాచి, ఒక కాగితం వసీలా ముందుకు తోశాడు. పక్కనే సిరా పెన్ను పెట్టాడు.

"అడుగున సంతకం పెట్టమ్మా. పిల్లకీ సుఖం, మాకూ సుఖం. చక్కగా పని నేర్చుకుంటుంది. దారాల బుట్టకి లెక్కలెందుకు."

వసీలా కాగితం తీసుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన కూర్చోమనలేదు.

"చదవక్కర్లేదు, నేను చెప్తాగా."

"మీరు చెప్తుంటే నా మనసు ఎటో పోద్దండీ. చదువుకుంటా."

ఆమె నాలుగో తరగతి. చదవడం వచ్చు. కాకపోతే ఒక వరస చదువుతుంటే కన్ను కింది వరసలోకి జారిపోతుంది, పై వరస మరిచిపోతుంది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. అందుకని ఇన్నేళ్ళుగా కరెంటాఫీసులోనూ, ఆసుపత్రిలోనూ, హాజీ దగ్గరా చదవకుండానే సంతకాలు పెట్టింది. ఇవాళ మెడలోంచి ఎర్ర దారం తీసింది. మొదటి వరస కింద బిగువుగా పరిచింది, మగ్గం మీద వరస పట్టుకున్నట్టు. పైకే చదివింది. ఒక్కొక్క మాట. వరస అయ్యాక దారాన్ని కిందికి జరిపింది. హెడ్మాస్టరు రెండుసార్లు గడియారం చూశాడు. ఆమె తొందరపడలేదు. మనసు ఒకసారి కిటికీ వైపు పోయింది. వేలు దారం మీదే ఉంది కనుక తిరిగొచ్చింది.

"...మా కుటుంబం... సూస్ నగరానికి... నివాసం మారుతున్నందున... నా ఇష్టపూర్వకంగా..."

ఆగింది. దారం మీద వేలు అలాగే ఉంచి తలెత్తింది.

"ఎవరండీ సూస్ వెళ్ళేది?"

"అది రాసే పద్ధతి అంతే. పదహారేళ్ళలోపు పిల్లని ఊరికే మాన్పించడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని అలా రాస్తాం. నీ మంచికే."

"సూస్‌లో సముద్రం ఉంటుందంట. నేను చూళ్ళేదు. నా పిల్లని సముద్రంలో పారేసి, పారేసింది నేనే అని రాయించుకుంటన్నారు."

"మాటలు జాగ్రత్త."

"చట్టం ఒప్పుకోనిదానికి నన్ను ఒప్పుకోమంటారా? చట్టం కంటే నేను లోకువా మీకు?"

"యాభై ఆరు," అంది దొర్సాఫ్.

ముగ్గురూ అటు చూశారు. పిల్ల చేతులు ఎప్పుడో విడిపోయాయి. గోడవారనున్న ఉత్తరాల పెట్టె మీది గుడ్డ కుచ్చు ఆ వేళ్ళలో సగం జడ అయింది.

"ఇప్పుడెవరడిగారు నిన్ను?" అన్నాడు హెడ్మాస్టరు.

"మీరే అడిగారు," అంది వసీలా. "అది ఇప్పుడొచ్చింది. దారిలో నాలుగు చోట్ల ఆగి వచ్చుంటది. వచ్చిందా లేదా?"

నజీబ్ మాస్టారు నవ్వబోయి ఆపుకున్నాడు.

వసీలా లేచి నిలబడింది. అప్పుడు చూసింది, తను ఇందాకటి నుంచీ దేని మీద కాళ్ళు ఆనించి మాట్లాడుతోందో. ఎర్ర అంచు, మధ్యలో దీపం గుర్తు, కుడి మూల నుంచి ఏడో వరస వంకర. దొర్సాఫ్ కడుపులో ఉన్న ఏడాది ఆమె నేసిన తివాచీ. అప్పటికి ఎర్ర దారం కట్టే తెలివి రాలేదు. ఒక వరస తప్పింది. హాజీ రెండో రకం అని డబ్బు కోశాడు. అమ్ముకున్నాడనుకుంది. బడికి కానుక ఇచ్చాడన్నమాట.

"ఇది నేను నేసింది," అంది. "అదిగో, అక్కడ వరస తప్పాను. ఒక్క వరస. అయినా దీన్నెవరూ చింపి పారెయ్యలా. మీ కుర్చీ దీని మీదే ఉంది. తప్పిన వరసతోనే పదేళ్ళుగా మిమ్మల్ని మోస్తంది."

బల్ల మీద టీ గ్లాసు ఉంది. గ్లాసు కింద ఒక కాగితం, మీద గుండ్రంగా మూడు నాలుగు టీ మరకలు. డాక్టరమ్మ సంతకం ఒక మరకలో సగం మునిగింది. వసీలా గ్లాసెత్తి సూస్ కాగితం మీద పెట్టింది. ఉత్తరాన్ని తీసి నజీబ్ మాస్టారి చేతిలో పెట్టింది.

"ఇది మీకు రాసింది. నాలుగే మాటలు. మీక్కూడా తీరిక లేకపోతే ఒక్కొక్కటి చదవండి. నేనూ అట్టాగే చదివా."

పై ఆఫీసుకు రాస్తానన్నాడు హెడ్మాస్టరు. పోలీసును పిలిపిస్తానని కూడా అన్నాడు, గొంతు అంత గట్టిగా లేదు.

"రాయండి. ఈ ఊరి అడ్రసుకే రాయండి. మేం ఇక్కడే ఉంటాం."

పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలో నడిచింది. హాజీ షెడ్డులో ఇక తన చోటు ఉంటుందో ఉండదో తెలియదు. మొగుడు ఏమంటాడో తెలుసు. తరగతి గది తలుపు తోసింది. ముందు బెంచీలో ఇద్దరే ఉన్నారు. "జరగండమ్మా," అంది. జరిగారు. దొర్సాఫ్‌ను కూర్చోబెట్టి, ఎర్ర దారంలో మూరెడు తెంపి పిల్ల గుప్పిట్లో పెట్టింది.

"నోటితో మాట్లాడకు. కాళ్ళతో పోకు. వేళ్ళని మాత్రం పోనీ. ఎంత దూరమైనా పోనీ."

తను బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. వెళ్ళమని చెప్పడానికి ఆయా వచ్చింది, ఆమె మొహం చూసి చీపురు తీసుకుని అక్కడే ఊడవడం మొదలుపెట్టింది.

నజీబ్ మాస్టారు లోపలికొచ్చాడు. చేతిలో ఉత్తరం ఇంకా ఉంది. దాన్ని జేబులో పెట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. వరండా చివర హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డాడు. మాస్టారు ఆయన్ని చూశాడు, కిటికీ వైపు చూశాడు. సుద్దముక్క తీసుకున్నాడు.

"చేతులు కట్టుకోండి," అన్నాడు, ఎప్పుడూ అనేట్టే.

నలభై ఒక్క జతల చేతులు గుండెల మీదికెళ్ళాయి. ఒక్క జత వెళ్ళలేదు. ముందు బెంచీలో, మాస్టారి ముక్కు కింద, ఎర్ర దారం మీద ఒక ముడి పడింది. ఇంకో ముడి పడింది. దొర్సాఫ్ కళ్ళెత్తి ఆయన మొహంలోకి సూటిగా చూస్తోంది, ఈ ఏడాదిలో మొట్టమొదటిసారి.

మాస్టారి సుద్దముక్క బోర్డుకు బెత్తెడు దూరంలో ఆగి ఉంది.