కారు ఆగని చోట్లు

గణపతిరావుకి కారు ముందుకి నడపడం వచ్చు, వెనక్కి నడపడం రాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా తల నెరిసిన మనిషి. పాత కారు కొన్నాక ఈ ముక్క ఎవరి దగ్గరా ఒప్పుకోలేకపోయాడు. మలంచా పేటలో వాళ్లుండే సందులోంచి బండి బయటికి తియ్యాలంటే, నడుం పట్టేసిందని చెప్పి పక్కింటి లారీ డ్రైవరు టోనీని పిలిచేవాడు.

ఆ ఆదివారం కూడా టోనీయే కారుని రోడ్డు మీదికి తీసిచ్చాడు. భార్య సత్యవాణిని ఎక్కించుకుని గణపతిరావు దీఘా సముద్రానికి బయల్దేరాడు. ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లినా రైల్వే పాసు మీదే వెళ్లారు. ఎక్కడ కావలిస్తే అక్కడ ఆపుకోవచ్చు, సొంత బండి సుఖం అదే అని వారం నుంచీ ఊదరగొడుతున్నాడు. సత్యవాణి మాత్రం రైల్లో అయితే వస్తానంది. ఎందుకో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

బెల్దాలో ఒక హోటల్ ముందు పెద్ద ఖాళీ జాగా కనబడితే ఆపాడు. పూరీ తిని టీ తాగారు. ఆమె టీ సగంలో వదిలేసి, బాత్రూం ఎక్కడో కనుక్కోమంది. హోటలతను వెనక్కి చూపించాడు. వెళ్లినామె వెళ్లినట్టే తిరిగొచ్చింది.

"తలుపుకి గెడ నేదు. ఎదురుగా మొగోళ్లు నిలబడున్నారు."

"ముందు మంచిది దొరుకుద్దిలే, ఎక్కు."

బెల్దా దాటాక రోడ్డు ఇరుకైంది. కొంత దూరం వెళ్లాక ఆమె మళ్లీ అడిగింది. కుడివైపు పెట్రోలు పంపు ఒకటి వచ్చింది. అందులోకి వెళ్లాలంటే ఎదురొచ్చే లారీలకి అడ్డంగా తిప్పాలి. గణపతిరావు స్టీరింగు తిప్పలేదు.

"ఇలాంటి పంపుల్లో సుబ్బరంగా ఉండదే. ముందు పెద్దదుంది" అన్నాడు. ముందు ఏముందో అతనికి తెలియదు.

తరవాత ఎడమవైపే ఒక హోటలు వచ్చింది. దాని ముందు టూరిస్టు బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య దూరిస్తే మళ్లీ వెనక్కి తియ్యాలి. ఆమె "అదిగో, అదిగో" అంటుండగానే దాటించేశాడు.

"ఏటండీ, సెప్తన్నాను కదా!"

"ఆపుతానే. కంగారెట్టకు."

మరికాస్త దూరంలో అతనే రోడ్డు పక్కన ఆపి దిగాడు. రెండు వైపులా పొలాలు, చెట్టన్నది లేదు. ఒక కరెంటు స్తంభం వైపు తిరిగి పని కానిచ్చుకుని వచ్చాడు. ఆమె కారులోనే మొహం అటు తిప్పుకుని కూర్చుంది. సైకిళ్ల మీద పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. ఆమెకి అక్కడ చాటు లేదని స్టీరింగు పట్టుకున్నాక తట్టింది. తట్టినా బండి పోనిచ్చాడు.

ఎగ్రా బజారులో కూరగాయల బళ్లు, టోటో రిక్షాలు, బస్సులు కలిసిపోయి కారు కదల్లేదు. సత్యవాణి ఒక చేత్తో తలుపు పిడిని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లని బిగించి పట్టుకుంది. బజారు దాటి కారు వేగం అందుకుంటుండగా రోడ్డు మీది గుంతలో చక్రం పడింది.

"అయిపోనాది" అంది, వినబడీ వినబడనట్టు.

గణపతిరావు పక్కకి చూశాడు. చూసి, "అయ్యో, సీటు కవర్లు కొత్తవే!" అన్నాడు.

అన్నాక ఆ మాటని వెనక్కి తీసుకునే దారి లేదు. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "ఇప్పుడాపండి ఎక్కడైనా. ఇంకేటి పోద్ది."

రోడ్డుని ఆనుకుని ఉన్న చిన్న ఇంటి ముందు ఆపాడు. ఇంటావిడ అంట్లు తోముతోంది. గణపతిరావు దగ్గరికెళ్లి, తన భార్యకి ఒంట్లో బాగోలేదని బెంగాలీలో నసిగాడు. ఆవిడ కారు దగ్గరికొచ్చి ఒక్కసారి లోపలికి చూసింది. ఆరేసిన దుప్పటి తెచ్చి సత్యవాణి భుజాల మీంచి కప్పి, "రా దీదీ" అని లోపలికి నడిపించుకుపోయింది.

ఆవిడ భర్త స్టూలు తెచ్చి వేశాడు. "ఖరగ్‌పూర్ నుంచా? అంత దూరంలో ఎక్కడా ఆపలేదా దాదా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగాడు.

"ఆవిడ నాకు చెప్పలేదండీ. చెప్తే ఆపనా?" అన్నాడు గణపతిరావు.

తల తిప్పేసరికి సత్యవాణి గుమ్మంలో నిలబడి ఉంది, ఇంటావిడ చీర కట్టుకుని, తడిచీర ఉన్న సంచి చేత్తో పట్టుకుని. ఆమెకి బెంగాలీ బాగా వచ్చు.

కారులో ఆమె వెనక సీట్లో కూర్చుంది. వెనక్కి పోదామా అని అతను అడిగితే, "సముద్రం సూడకుండా ఎల్తానేటి?" అంది.

సముద్రం దగ్గర జనం కేకలు వేస్తూ అలల్లో దూకుతున్నారు. సత్యవాణి మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లి చాలాసేపు నిలబడింది. గణపతిరావు ఆమె పక్కకి వెళ్లలేక ఇసకలోనే ఉండిపోయాడు. వచ్చి కూర్చున్నాక ఆమే చెప్పింది. సుగరొచ్చిన దగ్గర్నించీ ఆపుకోలేకపోతోందట. అందుకే అక్క కూతురి పెళ్లికి బస్సులో రానందట. ఆ పెళ్లికి రానందుకు పదిమందిలో పరువు తీశావని అతను తిట్టిన తిట్లు అతనికి గుర్తున్నాయి.

"నాకు రివర్సు రాదు వాణీ. అందుకే ఆపలేదు."

"నాకు తెల్దేటి? టోనీని పిలిసిన మొదటి రోజే తెలిసింది."

"మరి ఎప్పుడూ అన్నేదేటి?"

"అంటే మీ మొకం సిన్నబోద్దని."

గణపతిరావు ఇసకలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతని పరువుని ఇన్నాళ్లు దాచింది. ఆమె పరువుని అతను స్టూలు మీద కూర్చుని పరాయివాడి ముందు పారేశాడు.

చీకటి పడకముందే తిరుగు ప్రయాణమయ్యారు. దీఘాలో కొన్న కొత్త చీర కట్టుకుని, ఇంటావిడ చీర తిరిగివ్వడానికి ఆ ఇంటి దగ్గర దిగింది సత్యవాణి. ఆడవాళ్లిద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. గణపతిరావు ఇంటాయన దగ్గరికెళ్లి, అందరికీ వినబడేలా బెంగాలీలో చెప్పాడు.

"పొద్దున అబద్ధం చెప్పాను దాదా. ఆవిడ చాలాసార్లు అడిగింది. నేనే ఆపలేదు. నాకు బండి వెనక్కి తియ్యడం రాదు, ఆ భయంతో."

ఇంటాయన "పర్లేదు దాదా, పర్లేదు" అన్నాడు. ఇంటావిడ నవ్వు ఆపేసి గణపతిరావుని చూసింది. పొద్దున కారులోకి చూసినప్పుడు ఆ చూపులో ఉన్న జాలి ఇప్పుడు లేదు. చెప్పేస్తే తేలికపడతాననుకున్నాడు గానీ అదేమీ జరగలేదు.

ఈసారి సత్యవాణి ముందు సీట్లోనే కూర్చుంది. ఎగ్రా దాటాక అంది.

"ఆళ్లకి సెప్పినారు, బాగుంది. మరి నాకేటీ సెప్పనేదేటి?"

గణపతిరావు కారు నెమ్మది చేసి రోడ్డు వారకి ఆపాడు. వెనక బస్సువాడు హారను కొడుతూ పక్కనుంచి దూసుకుపోయాడు. పెళ్లయిన దగ్గర్నించీ తప్పు నాదే అన్న మాట ఆమెతో అన్న గుర్తు లేదు.

"తప్పయిపోనాది వాణీ. ఆపకపోవడమే కాదు. సీటు కవర్లన్నాను సూడు, అది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"అది నానింకా మర్సిపోలేను" అంది. "పోనివ్వండి బండి. సూసి నడపండి."